అవతలి గట్టు

సంధ్యారాణి భర్త పరదేశి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. తొంభైలో మే నెల తుఫాను పట్టుకున్నప్పుడు, ఎర్రగెడ్డ వాగు అవతల ఊళ్ళో ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. వాన కాస్త తెరిపి ఇవ్వగానే సైకిలు తీసుకుని వెళ్ళాడు. గేదె ఈనింది, దూడ దక్కింది. ఆ ఇంటివాళ్ళు ఉండిపొమ్మన్నా వినకుండా, వాళ్ళిచ్చిన టీ తాగి, పొద్దు వాలుతుండగా ఇంటికని బయల్దేరాడు. ఇల్లు చేరలేదు.

వాళ్ళుండే చోడవరానికీ ఆ ఊరికీ మధ్య గెడ్డ మీద వంతెన లేదు, సిమెంటు చప్టా ఉంది. మామూలు రోజుల్లో దాని మీద నీరు పాదాలు తడిపేంత పారుతుంది. వరదొస్తే అంచులు తెలియాలని రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు పాతారు. ఆ సాయంత్రం ఆ రాళ్ళు కూడా మునిగిపోయాయని తర్వాత చెప్పుకున్నారు. వాన వెలిశాక గెడ్డ పొడుగునా గాలించారు. అవతలి వైపు చెరకుతోటలో, బురదలో కూరుకుపోయి సైకిలు దొరికింది. మనిషి దొరకలేదు.

కుర్రతనం, తెగించి చప్టా మీద దిగిపోయుంటాడు అన్నారు అందరూ. సంధ్యారాణి కూడా అదే నమ్మింది. నమ్మి, మొగుడి మీద కోపం పెంచుకుంది. ఉండమన్నవాళ్ళ ఇంట్లో ఒక్క రాత్రి ఉండిపోతే ఏం పోయింది? ఏడుపు వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న అడ్డుపడి ఏడుపు కాస్తా కోపంగా మారేది. ఆ కోపం పట్టుకునే ఆమె నిలదొక్కుకుంది.

అత్త నరసమ్మ మాత్రం ఊరి మాట ఒప్పుకోలేదు.

"ఆడు గెడ్డలో దిగలేదే" అనేది.

"నీకెలా తెలుసత్తా?"

"తెలుసు."

అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. కొడుక్కి కర్మ చెయ్యనివ్వలేదు. కోడలు బొట్టు తీస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండేది. ఒకరు చచ్చిపోయిన మనిషితో, ఒకరు బతికున్న మనిషితో, ఇద్దరూ ఒకే ఇంట్లో ఏళ్ళకి ఏళ్ళు వెళ్ళదీశారు.

శవం లేదు కనక చనిపోయినట్టు కాగితం రాలేదు. కాగితం లేదు కనక ఆస్పత్రిలో ఉద్యోగం రాలేదు. సంధ్యారాణి టైపు నేర్చుకుంది, తర్వాత రోజూ అనకాపల్లి బస్సెక్కి వెళ్ళి కంప్యూటరు నేర్చుకుంది. తొంభై ఎనిమిదిలో బంగార్రాజు మాస్టారి దగ్గర పనికి కుదిరింది.

బంగార్రాజు మాస్టారు విశాఖపట్నంలో ఇంజినీరింగు పిల్లలకి నీటి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సొంతూరు కాకపోయినా భార్యది చోడవరం కావడంతో ఇక్కడ స్థిరపడ్డారు. ఒక ఎరువుల కొట్టు మీద మేడ అద్దెకి తీసుకుని రెండు కంప్యూటర్లు పెట్టుకున్నారు. కింద మందుల డబ్బాల ఘాటు మెట్లెక్కి పైదాకా వచ్చేది. వరద వస్తే నీరు ఎక్కడెక్కడికి పోతుందో లెక్కగట్టే ప్రోగ్రాం ఆయనే రాసుకున్నారు. నేలని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడికి దాని ఎత్తు ఇచ్చి, పైన వాన కురిపిస్తే, ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎంత నీరు జారుతుందో కంప్యూటరు లెక్క కట్టుకుంటూ పోయేది. అలా ఒక వరద మొదలై ముగిసేదాకా కట్టిన లెక్కని ఆయన సిమ్యులేషన్ అనేవారు. సంధ్యారాణి రన్ అనేది.

ఆమె పని రన్ అయిపోయాక మొదలయ్యేది. గంటగంటకీ నీటి పై మట్టం ఎలా ఉందో ఆ మట్టాన్ని విడదీసి, వేరే ఫైలుగా రాసి ఉంచాలి. దాన్ని సర్ఫేసు అంటారు. ఒక రన్ తెరవాలి, గంట చూపించాలి, సర్ఫేసు అడగాలి, పేరు పెట్టి దాచాలి, మళ్ళీ ఇంకో గంట. ఒక్క రన్‌కే పూట గడిచిపోయేది. కొన్నాళ్ళు చేతులు నొప్పెట్టేలా చేసి, ఆమె ఒక బ్యాచ్ ఫైలు రాసింది. ఒక్క మాట కొడితే చాలు, రన్నులన్నీ వరసగా తెరుచుకుని, సర్ఫేసులన్నీ రాసుకుని, వాటంతటవే మూసుకునేవి. మాస్టారు సంతోషించి జిలేబీ తెప్పించారు. అయితే ఆ పాత మిషను మధ్యలో ఆగిపోయే రకం. ఎవరో ఒకరు కనిపెట్టుకుని కూర్చోవాలి. ఒక్కో సర్ఫేసు రాస్తున్నప్పుడు తెర మీద దాని బొమ్మ కూడా గీసేది. బూడిదరంగు నేల మీద నీలం నీరు.

ఆ కూర్చోవడం ఆమె వంతయింది.

ఒకనాడు మాస్టారు కొత్త పని మ్యాపు బల్ల మీద పరిచారు. చప్టా తీసేసి వంతెన కట్టాలని ఒక శాఖవాళ్ళు అనుకుంటున్నారట. తొంభై తుఫానుకి నీరు ఎంత ఎత్తున వచ్చిందో లెక్క కట్టి ఇవ్వాలి. సంధ్యారాణి వంగి చూసింది. ఎర్రగెడ్డ.

మాస్టారికి ఆమె సంగతి తెలియదు. చెబుదామని నోరు తెరిచింది కానీ, "ఎన్ని రన్నులుంటాయండి?" అని మాత్రం అడిగింది.

"చాలా ఉంటాయమ్మా. అవతలి గట్టు, రైతులు పోసుకున్న మట్టిగట్టు, తెగిందని అందరికీ తెలుసు. ఎప్పుడు తెగిందో ఎవరికీ తెలీదు. వరద తగ్గిపోయేక తెగిందంటారు కొందరు, మధ్యలోనే తెగిందంటారు కొందరు. అన్ని రకాలూ వేసి చూడాలి."

రన్నులు వేయడానికి మాస్టారికి వారాలు పట్టింది. ఆ తర్వాత ఆమె బ్యాచ్ మొదలుపెట్టి కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతోంది, కింద వీధిలో చెరకు బళ్ళు పోతున్నాయి. తెర మీద వాన సాయంత్రం అయింది. గెడ్డ సన్నటి నీలపు గీతలా మొదలై, లావెక్కి, వంకర్లన్నీ నింపుకుంటూ కిందికి వచ్చింది. చప్టా ఉన్న గడి ఆమెకి వెంటనే తెలిసిపోయింది. లేత నీలం అయింది. ముదురు నీలం అయింది. పరదేశి బయల్దేరిన వేళకి దాదాపు నల్లబడింది. ఆ రన్ మూసుకుంది. రెండోది తెరుచుకుంది. మళ్ళీ సన్నటి గీత, మళ్ళీ వంకర్లు, మళ్ళీ ఆ గడి. సాయంత్రానికి మొగుడు ఎన్నిసార్లు మునిగాడో ఆమె లెక్కపెట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు దూరంగా జరిపింది.

రెండో రోజుకి చప్టా చూడటం మానేసింది. చూసినా చూడకపోయినా అన్నింటిలోనూ అది మునిగే ఉంది. అప్పుడు కన్ను మిగతా చోట్లకి పోయింది. గట్టు అసలు తెగని రన్నుల్లో నీలం ఇవతలి వైపు ఒరిగేది. గెడ్డకి ఇవతల, పల్లంలో గెడ్డవీధి ఉంది. కొన్ని పెంకుటిళ్ళు, కొన్ని తాటాకు ఇళ్ళు. కూరల బజారులో వంకాయలమ్మే అచ్చియ్యమ్మ ఇల్లు అక్కడే. గట్టు తెగని ప్రతి రన్‌లోనూ దీపాలు పెట్టే వేళ దాటేసరికి గెడ్డవీధి మొత్తం నీలంలోకి వెళ్ళిపోయేది. కప్పుల దాకా, అక్కడక్కడ కప్పుల పైదాకా.

మర్నాడు బజారులో అచ్చియ్యమ్మ తూకం వేసి వంకాయలు సంచిలో పోస్తుంటే, సంధ్యారాణి ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది. వంకాయలు కింద దొర్లాయి.

"ఏటమ్మా, ఏటైంది? తేలు గానీ కుట్టిందేటి?"

"ఏం లేదప్పా."

ఏం లేదనే అంది గానీ, ఆ చెయ్యి తగిలితే చల్లగా ఉంటుందేమోనని భయపడింది. అప్పటి నుంచి ఆ భయం వదల్లేదు. దారిలో ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ ఇల్లెక్కడో గుర్తొచ్చేది, తర్వాత నీరు గుర్తొచ్చేది. రిక్షా తొక్కే పెదబాబు మూడో రన్‌లో లేడు. ఇస్త్రీ చేసే ముసలాయన ఐదోదానిలో లేడు. వాళ్ళు నవ్వుతూ పలకరించేవారు. ఆమె తల వంచుకుని పోయేది. ఇంట్లో నీళ్ళ బిందె దించుతుంటే అందులోకి చూడలేకపోయేది.

మాస్టారు విశాఖపట్నం వెళ్ళిన రోజుల్లో ఒక పిచ్చిపని చేసింది. వాన సగానికి తగ్గించి ఒక రన్ వేసింది. గెడ్డ నిండలేదు. చప్టా రాళ్ళు తేలే ఉన్నాయి. పరదేశి సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటేశాడు. గెడ్డవీధిలో గడపలు తడవలేదు. ఎవరూ పోలేదు. ఆ బొమ్మని ఆమె మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకుంది. అయితే కురిసిన వాన వానకొలత పుస్తకాల్లో ఉంది, దాన్ని ఎవరూ తగ్గించలేరు. మాస్టారు వచ్చేలోపల ఆ రన్‌ని తనే చెరిపేసింది. చెరిపేటప్పుడు చెరపమంటావా అని మిషను అడిగితే, ఆ బొమ్మని ఇంకోసారి తెరిచి చూసుకుని, అప్పుడు అవునని కొట్టింది.

మాస్టారు తిరిగొచ్చి సర్ఫేసులన్నీ ముందేసుకున్నారు. "ఇందులో నిజం ఒక్కటే ఉంటుందమ్మా. గట్టు ఎప్పుడు తెగిందో చెప్పగలిగినవాళ్ళు కావాలి. నువ్వు ఊళ్ళో మనిషివి కదా, ఎవరినైనా అడిగి చూడు."

ఆమె అచ్చియ్యమ్మని అడిగింది. బేరాలు లేని వేళ, గోనెపట్టా మీద కూర్చుని.

"మరిచిపోతానేటి సంధ్యమ్మా? మా సిన్నతల్లి పుట్టి మూడో రోజు. నాను పురిటి మంచం మీదున్నాను. నీరు వీధిలోకి వచ్చింది, మెట్టెక్కింది. మా అమ్మ దీపం పట్టుకుని గడప కాడ కూకుంది. గడప తడిసింది. ఇంక పిల్లని ఎత్తుకుని అటకెక్కాలనుకున్నాం. ఉన్నపళంగా ఎవరో కింద మూత తీసినట్టు నీరు తగ్గిపోయింది. ఏ తల్లి సల్లగా సూసిందో."

"దీపాలు పెట్టే వేళేనా?"

"అప్పుడే. పెట్టిన దీపమే కదా అమ్మ పట్టుకుంది."

అంటే అవతలి గట్టు తెగింది ఆ వేళకే. నీరు అటు ఒరిగింది కనకనే ఇటు తగ్గింది. మాస్టారికి చెబితే ఆయన ఒక రన్ పక్కకి తీశారు. గెడ్డవీధిలో గడప దాకా వచ్చి తగ్గే రన్ అదొక్కటే.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం వడ్డిస్తూ, తుఫాను నాటి నీటి సంగతి అచ్చియ్యమ్మ చెప్పిందని మామూలుగా అంది. నరసమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"ఊళ్ళో అందరినీ అడుగుతన్నావు. నన్నడగలేదేటి?"

"నువ్వేం చూశావత్తా?"

నరసమ్మ కంచం పక్కకి జరిపింది. తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం కోడలు వంటింట్లో ఉండగా, గోనెసంచి తలమీద కప్పుకుని ఆమె చప్టా దాకా వెళ్ళింది. రాళ్ళు కనిపించలేదు. అవతలి ఒడ్డున పరదేశి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈమె అరిచింది. హోరులో వినబడలేదు. వాడు చెయ్యెత్తాడు. ఎత్తి, సైకిలు మళ్ళించుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. చెరకుతోటల మలుపు తిరిగేదాకా నరసమ్మ చూసింది. అప్పుడు ఇంటికొచ్చింది.

"అందుకే సెప్తన్నాను, ఆడు గెడ్డలో దిగలేదని."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే, మరి ఎనక్కెళ్ళినోడు ఎందుకు రాలేదని అడుగుతావు. నా కాడ జవాబు లేదు. మనల్ని ఒగ్గేసి పోయేడని నువ్వనుకుంటావని సెప్పలేదు. నానే అనుకున్నాను. రోజూ అనుకున్నాను."

సంధ్యారాణి ఆ రాత్రంతా పడుకోలేదు. తెగించి దిగాడని ఇన్నేళ్ళు తిట్టుకున్న మనిషి, నీరు చూసి బుద్ధిగా వెనక్కి తిరిగాడు. ఆ కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

పొద్దున్నే వెళ్ళి మాస్టారు తీసిపెట్టిన రన్ తెరిచింది. ఈసారి చప్టా వైపు కాకుండా అవతలి ఒడ్డు వైపు చూసింది. చప్టా నుంచి గేదె ఈనిన ఊరిదాకా బండిదారి ఉంది. చెరకుతోటల మధ్య, గట్టు కిందుగా. దీపాలవేళకి ముందు గంటలో ఆ దారి బూడిదరంగులో పొడిగా ఉంది. తర్వాతి గంటలో గట్టు తెగింది. నీలం ఒక్కసారి తోటల్లోకి విరుచుకుపడింది. దారి లేదు. వెనక గెడ్డ, పక్కన తెగిన గట్టు, మధ్యలో సైకిలుతో మనిషి. సైకిలు అవతలి తోటలో ఎందుకు దొరికిందో, అక్కడికి ఎలా కొట్టుకుపోయిందో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

ఆ తర్వాత చూడకూడదనుకుంటూనే గట్టు తెగని రన్ తెరిచింది. దారి పొడవునా పొడి. పరదేశి వెనక్కి వెళ్ళాడు, ఆ ఇంటివాళ్ళ పశువుల పాకలో పడుకున్నాడు, వాన వెలిశాక చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రన్‌లోనే, ఇవతల, దీపం పట్టుకుని గడప దగ్గర కూర్చున్న ముసలమ్మ మీదికి, పురిటి మంచం మీదికి, మూడు రోజుల పిల్ల మీదికి నీరు ఎక్కింది. సంధ్యారాణి కళ్ళు మూసుకుంది. మూసుకున్నా నీలం పోలేదు.

మాస్టారు మెట్లెక్కి వచ్చి ఆమె ముఖం చూసి, "ఏమ్మా, మిషను ఆగిపోయిందేటి?" అన్నారు.

అప్పుడు చెప్పింది. పరదేశి ఎవరో, ఆ దారి ఏమిటో, అన్నీ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముందే తెలిసుంటే నీ చేత చేయించేవాణ్ణి కాదమ్మా" అన్నారు.

"నేను కాకపోతే ఆ దారి వైపు ఎవరూ చూసేవారు కాదు మాస్టారూ."

ఆయన తల ఊపి, గట్టు తెగని రన్ తెర మీద అలాగే ఉండటం చూసి అన్నారు. "ఇది అబద్ధపు రన్ అనుకోకు. తుఫాను తర్వాత రైతులు ఆ గట్టు మళ్ళీ పోసుకున్నారు. ఇంకో రెండు మూరలు పెంచి, రాయి కట్టి పోసుకున్నారు. ఈసారి అంత వానొస్తే అది తెగదు. రిపోర్టులో రాస్తాను. చదివేవాళ్ళు చదవాలి."

అంటే ఇన్నాళ్ళూ ఆమె బజారులో భయపడి తప్పుకున్నది జరగని సంగతికి కాదు. ఇంకా జరగని సంగతికి.

ఇంటికెళ్ళి నరసమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టు సంగతి చెప్పింది. మ్యాపు తేలేదు, నేల మీద వేలితో గీసి చూపించింది. ఇది గెడ్డ, ఇది చప్టా, ఇది ఆయన తిరిగిన మలుపు. నీరు ఇటు నుంచి వచ్చిందత్తా, వెనక నుంచి. నరసమ్మ ఆ గీతల వెంట తన వేలు పెట్టి చూసుకుంది.

"అయితే ఆడు మనల్ని ఒగ్గేసి పోలేదన్నమాట."

"లేదత్తా."

"పోలేదు" అని నరసమ్మ తనలో తను ఇంకోసారి అనుకుంది. తర్వాత మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. కొడుకు పోయిన ఇన్నేళ్ళకి ఆమె ఏడవడం అదే మొదలు. సంధ్యారాణి పక్కనే కూర్చుంది. ఏడుపుకి అడ్డుపడడానికి ఇప్పుడు కోపం కూడా లేదు.

ఆ నెలలోనే కర్మ చేశారు. అచ్చియ్యమ్మ గంపెడు కూరలు తెచ్చి, వద్దన్నా వినకుండా కూర్చుని తరిగింది. చిన్నతల్లి, ఎనిమిదేళ్ళ గుంట, అరుగు మీద ఒంటికాలి మీద గెంతుతూ తిరిగింది. సంధ్యారాణి ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయింది. ఏ నీరు ఎటు పోయి ఎవరిని మిగిల్చిందో ఆ ఇంట్లో ఒక్కామెకే తెలుసు. అచ్చియ్యమ్మకి చెప్పాలని లేదు, చెబితే ఆవిడేం చేసుకుంటుంది?

కానీ గట్టు సంగతి చెప్పింది. ముందు అచ్చియ్యమ్మ నవ్వేసింది. "అంత తుఫానుకే గడప దాటలేదమ్మా మా ఇంట్లోకి. మా వీధికి ఆ తల్లి కాపలా ఉంది."

"అప్పుడు గట్టు తెగింది అప్పా. ఇప్పుడది తెగదు. పెద్దవాన పట్టిందంటే పిల్లని తీసుకుని మా ఇంటికొచ్చీ. ఇంకేం అడగను."

ఆ గొంతులో ఏం వినబడిందో, అచ్చియ్యమ్మ నవ్వు ఆపి సరేనంది. పెదబాబుకీ, ఇస్త్రీ ముసలాయనకీ కూడా చెప్పింది. పెదబాబు విన్నాడు. ముసలాయన వినలేదు.

ఆ ఏడు వర్షాకాలం చివర వాయుగుండం పట్టింది. వాన జోరందుకున్న మధ్యాహ్నం, సంధ్యారాణి గొడుగేసుకుని గెడ్డవీధికి వెళ్ళి, ఊగిసలాడుతున్న అచ్చియ్యమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆ చెయ్యి వెచ్చగానే ఉంది. మూట, స్టవ్వు, చిన్నతల్లి, కోళ్ళ గంప, అన్నీ నరసమ్మ ఇంట్లోకి చేరాయి. కోళ్ళు వంటింట్లో రెట్టలేస్తున్నాయని నరసమ్మ సణిగింది. సణుగుతూనే పిల్లకి తల తుడిచి, చారన్నం పెట్టింది.

రెండో రోజుకి వాన తగ్గింది. గెడ్డ నిండా పారింది గానీ ఒడ్డు దాటలేదు. గెడ్డవీధి పొడిగానే ఉంది. వీధిలో వాళ్ళు అచ్చియ్యమ్మని చూసి నవ్వారు. మూట నెత్తిన పెట్టుకుని తిరిగి వెళ్తూ, "నన్ను పిరికిదాన్ని సేసేవమ్మా" అంది, సంధ్యారాణిని నొప్పించకుండా.

సంధ్యారాణి మాస్టారి దగ్గరే ఉండిపోయింది. తర్వాత చీడికాడ వైపు, రావికమతం వైపు ఇంకెన్నో గెడ్డల సర్ఫేసులు వరసగా రాయించింది. తెర మీద బొమ్మ రాకుండా చేసుకోమని మాస్టారు అన్నారు. ఆమె చేసుకోలేదు. ఏ కొత్త ఊరికి బస్సు దిగినా, ముందు పల్లం ఎటుందో, ఆ పల్లంలో ఎవరిళ్ళున్నాయో చూసేది. అక్కడ బట్టలారేసుకుంటున్న ఆడమనిషి తలెత్తి చూస్తే, ఈమె చూపు ముందు ఆ ఇంటి గడప మీదికి పోయేది.

మరుసటి సంవత్సరం మళ్ళీ వాయుగుండం వచ్చింది. ఈసారి సంధ్యారాణి గొడుగు తీసేలోపలే, అచ్చియ్యమ్మ పిల్లనీ కోళ్ళ గంపనీ తీసుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి అరుగెక్కింది. ఆమె వెనక ఇస్త్రీ ముసలాయన, చంకలో ఇస్త్రీపెట్టె.